మహమ్మారి దినాలలో ఒక త్రవ్వకాల బడి

2020వ సంవత్సరం మార్చి 23వ తేదీ ఉదయం 6 గంటల నుండి గ్రీసు దేశంలో ఎవరూ ఊరికే ఇల్లు కదలరాదని ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. బయటికి వెళ్ళవలసినవారు ముందుగా 13033 అనే నెంబరుకు ఫోను ద్వారా ఒక సందేశం పంపాలి. అందులో పేరు, చిరునామా, వాటితో పాటు 1 మొదలు 6 వరకు ఏదో ఒక అంకె ఉండాలి. ఒకటి అంటే మందుల దుకాణానికో వైద్యుని వద్దకో పోతున్నామని అర్థం. రెండు అంటే వంట సరుకులు, మూడు అంటే బ్యాంకు, నాలుగు అంటే సాయం అవసరమైనవారి ఇంటికి, ఐదు అంటే పెళ్ళి, అంత్యక్రియ వంటివి. ఆరు అంటే కేవలం నడక. మన తెలంగాణలో లాక్‌డౌన్ మొదలైనదీ సరిగా ఆ రోజులలోనే. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగిన సాయంత్రమే ఆ ప్రకటన వెలువడినది పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఏథెన్సు నగరం నడిమధ్య లికబెట్టోస్ అనే గుట్ట ఉన్నది. దాని వాలులో సూయిదియాస్ వీథిలో ఒక పురావస్తు విద్యాలయం ఉన్నది. దానిపేరు అమెరికన్ స్కూల్ ఆఫ్ క్లాసికల్ స్టడీస్. 1881లో అమెరికా కళాశాలలు కొన్ని కలిసి దీనిని స్థాపించాయి. పక్కనే 1886లో వెలసిన బ్రిటిష్ స్కూలు. వీటికంటె ముందే 1846లో ఫ్రెంచివారు, 1874లో జర్మనులు ఏథెన్సులో ఇటువంటి సంస్థలు నెలకొల్పుకొన్నారు. గ్రీసు ప్రభుత్వం విదేశీయులకు త్రవ్వకపు అనుమతులను ఈ సంస్థల ద్వారానే, అదీ పరిమిత సంఖ్యలోనే ఇస్తుంది. కనుక గ్రీకు పురావస్తువులను చేతితో తాకి నేర్చుకోదలచిన పరదేశీయునికి వీటిలో ఏదో ఒకటి గుమ్మం వంటిది.

బడి అన్నాము గాని అక్కడ బల్లలు, నల్లబల్ల, గంట మనం అనుకొనే రీతిలో ఉండవు. అమెరికన్ స్కూలు సంవత్సరం సెప్టెంబరులో మొదలై మే నెలతో ముగుస్తుంది. శరత్కాలమంతా విద్యార్థులు దేశం నలుమూలలా బస్సులో తిరుగుతారు. ప్రతి విద్యార్థి ఒక శిథిలాన్ని గురించి ముందుగా చదువుకొని, ఆ శిథిలం ముందే నిలబడి తోటివారికి పాఠం చెప్పాలి. దేవాలయపు పునాది రాయి వెడల్పు ఎంత అని ఎవరైనా అడిగితే పుస్తకం తెరవనక్కరలేదు, వంగి కొలిస్తే సరి. చలికాలంలో ఏథెన్సు కట్టడాలు, మ్యూజియములు, గ్రంథాలయం. వసంతం రాగానే కొరింథులో త్రవ్వకపు శిక్షణ. 1896 నుండి ఆ సంస్థ త్రవ్వుతున్న ప్రాచీన నగరం అది. విద్యార్థులు విద్యాలయానికి చెందిన లోరింగ్ హాల్ అనే వసతిగృహంలో ఉంటారు, ఒకే చోట భోజనం చేస్తారు, భోజనానికి ముందు ఒక గంటసేపు కూర్చుని వాదించుకొంటారు. నేర్చుకొన్న దానిలో సగం ఆ గంటలోనే అని అటువంటి చోట చదివినవారు చెప్పడం పరిపాటి.

ఈ ఏర్పాటంతా ఒకే నమ్మకం మీద నిలిచి ఉన్నది: వస్తువును అది ఉన్నచోటికి పోయి చూడనిదే తెలియదు. 2020లో మహమ్మారి దెబ్బతీసినది సరిగ్గా ఆ నమ్మకాన్నే. అదీ ఎప్పుడు? వసంతం మొదలవుతున్నప్పుడు, చేతికి మన్ను అంటవలసిన వేళకు.

గ్రీసులో మొదటి రోగి ఫిబ్రవరి 26న తేలింది. మార్చి 11 నుండి పాఠశాలలు మూశారు. ఆ వారాంతానికే మ్యూజియములు, గ్రంథాలయాలు, పురావస్తు స్థలాలు మూతపడ్డాయి. మార్చి 19న అమెరికా ప్రభుత్వం విదేశాలలో ఉన్న తన పౌరులందరికీ ఒక హెచ్చరిక చేసింది. వెంటనే తిరిగి రండి, లేదా ఎంతకాలమో చెప్పలేము గాని అక్కడే ఉండడానికి సిద్ధపడండి అని దాని సారాంశం. ఇరవై అయిదేళ్ళ పరిశోధక విద్యార్థికి అది ఎటువంటి ప్రశ్నో ఆలోచించండి. వెళ్ళిపోతే సంవత్సరం సగంలో తెగుతుంది. విద్యార్థివేతనం ఆ ఒక్క సంవత్సరానికే, మళ్ళీ రాదు. ఉంటే గ్రంథాలయం తోటకు అవతలే ఉన్నా తలుపు తెరుచుకోదు. అక్కడి పుస్తకాలను బయటికి ఎరువివ్వడం మామూలు రోజులలోనే లేదు. అక్రోపొలిస్ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, కొండ ఎక్కరాదు. ఆరవ అంకె పంపి వీథిలో కాసేపు నడిచి రావచ్చును, అంతే.

నస్పూరులో జంతుశాస్త్రం బోధించే నేను ఏథెన్సు సంగతి ఎందుకెత్తుకొన్నానో చెప్పాలి. ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రంలో పాఠాలు తెరమీద మొదలయ్యాయి. మా విద్యార్థులలో చాలామంది గని కార్మికుల పిల్లలు. బొగ్గు అత్యవసర సరుకు గనుక గనుల పని పూర్తిగా ఆగలేదు. ఒక అమ్మాయి ఒక వారం అన్ని పాఠాలకూ హాజరయ్యేది, తరువాతి రెండు వారాలు కనిపించేది కాదు. కారణం విచారిస్తే ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది తండ్రిది. భూగర్భ గనిలోకి ఫోను తీసుకుపోరాదు. అందుచేత ఆయన మొదటి షిఫ్టు వారంలో ఉదయం ఫోను ఇంట్లో ఉండేది, తక్కిన వారాలలో పగటిపూట అది ఆయనకు కావాలి. ఆ అమ్మాయి హాజరు పట్టీ చూసి తండ్రి షిఫ్టు చెప్పవచ్చును!

మలేరియా క్రిమి జీవితచక్రం పాఠంలో దోమ జీర్ణాశయపు గోడమీద ఏర్పడే బుడిపెల బొమ్మ వేయమన్నాను. శాస్త్రభాషలో వాటిని ఊసిస్టులు అంటాము. ఆ అమ్మాయి చక్కగా గీసి, ఫోటో తీసి పంపి, ఒక ప్రశ్న అడిగింది: "సార్, గీ గుండ్రటి కాయలు దోమ కంటె పెద్దగున్నయి గదా, అది ఎట్ల ఎగురుతది?" పుస్తకంలో దోమ బొమ్మ ఒక అంగుళం, దాని పక్కన పెంచి చూపిన బుడిపె రెండు అంగుళాలు. తెరమీద అన్నీ ఒకే పరిమాణం. సూక్ష్మదర్శినిలోకి ఒక్కసారి తొంగి చూచినవారికి ఆ సందేహం రాదు. తప్పు పిల్లది కాదు. పురావస్తు శాస్త్రజ్ఞులు ఏ పెంకును ఫోటో తీసినా పక్కన నలుపు తెలుపు గళ్ళ కొలబద్ద పెట్టేది ఇందుకే. అది లేకపోతే ఉంగరం, బండి చక్రం ఒకటిగానే కనిపిస్తాయి.

ఆ బుడిపెల కథకూ గ్రీసుకూ సంబంధం ఉన్నదని అప్పుడే నాకు గుర్తు వచ్చింది. వాటిని మొట్టమొదట చూచినది మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న బేగంపేట సైనిక వైద్యశాలలో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన మచ్చల రెక్కల దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమి గుర్తులైన నల్లని రేణువులు గల కణాలను కనుగొన్నాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ ఆ రోగికి ఇచ్చాడట. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఇంతవరకు మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తరువాతి ముక్క తక్కువమందికి తెలుసు. 1906లో రాస్ గ్రీసు వెళ్ళాడు. ఏథెన్సుకు వాయవ్యంగా కొపాయిస్ అనే చిత్తడి సరస్సును ఒక బ్రిటిష్ కంపెనీ ఎండగట్టి పొలాలుగా మార్చింది. అక్కడి పనివారిని, పల్లె పిల్లలను చలిజ్వరం పీడిస్తుంటే కారణం చూడమని ఆయనను పిలిచారు. పిల్లల కడుపులు తడిమి, ఉబ్బిన ప్లీహాలను లెక్కపెట్టి, రాస్ ఒక పెద్ద ప్రశ్నతో తిరిగి వచ్చాడు: ఇంత గొప్ప నాగరికత క్షీణించడానికి ఈ జ్వరమే ఒక కారణం కాదు గదా?

కేంబ్రిడ్జిలో డబ్ల్యు. హెచ్. ఎస్. జోన్స్ అనే గ్రీకు పండితుడు ఆ ప్రశ్న పట్టుకొని 1907లో, మళ్ళీ 1909లో పుస్తకాలు వ్రాశాడు. ప్రాచీన గ్రంథాలలో జ్వరాల వర్ణనలు ఏరి చూపించాడు. నాగరికత పతనాన్ని ఒక దోమ నెత్తిన వేయడం అతిశయోక్తి అని ఇప్పటివారి అభిప్రాయం, నా అభిప్రాయమూ అదే. కాని ప్రశ్న వృథా కాలేదు. 1952 మొదలు 1958 వరకు అమెరికన్ స్కూలు తరఫున జాన్ కాస్కీ లెర్నా అనే చోట త్రవ్వకాలు జరిపాడు. చిత్తడి నేల పక్కని ప్రాచీన గ్రామం అది. అక్కడ దొరికిన ఎముకలను లారెన్స్ ఏంజెల్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించి, పలువురి పుర్రెలు మందంగా, తేనెపట్టు వలె రంధ్రాలతో ఉన్నాయని గమనించాడు. రక్తహీనతవల్ల ఎముక మజ్జ విస్తరిస్తే ఎముక అలా మారుతుంది. మలేరియాను కొంతవరకు అడ్డుకొనే వంశపారంపర్య రక్తలక్షణానికి ఇది చిహ్నమని ఆయన 1966లో వాదించాడు. మన పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని గోండులలో కనిపించే కొడవలి కణ లక్షణం కూడా మలేరియా ఉన్న ప్రాంతాలలో బలపడినదేనని జీవశాస్త్రం చదివినవారికి తెలుసు. తిండిలోపంవల్ల కూడా పుర్రె అలా మారవచ్చునని తరువాతివారు సవరించారు. ఏమైనా జ్వరం త్రవ్వకాలకు అడ్డంకి మాత్రమే కాక త్రవ్వకాల విషయం కూడా అయింది.

రోగం, యుద్ధం ఈ విద్యాలయాలకు కొత్త కాదు. 1896లో హారియట్ బాయిడ్ అనే యువతి అమెరికన్ స్కూలులో చేరింది. మరుసటి సంవత్సరమే గ్రీసుకు, తురుష్కులకు యుద్ధం వచ్చింది. ఆమె చదువు పక్కన పెట్టి గాయపడినవారికి నర్సుగా పనిచేసింది. ఆ రోజులలో స్త్రీలకు త్రవ్వకాలలో చోటివ్వడం ఆచారం కాదు. ఆమె తనకు వచ్చిన పరిశోధక వేతనంతో క్రీటు ద్వీపానికి పోయి, 1901 నుండి 1904 వరకు గూర్నియా అనే ప్రాచీన పట్టణాన్ని తానే నాయకత్వం వహించి త్రవ్వించింది. 1916లో కోర్ఫూ ద్వీపానికి ఓడిపోయి చేరిన సెర్బియా సైనికులు ఆకలితో, అంటురోగాలతో గుట్టలుగా చనిపోతున్నప్పుడు మళ్ళీ నర్సుగా అక్కడికి వెళ్ళింది. ఈమె కథ విడిగా ఒక వ్యాసానికి చాలినంత ఉన్నది.

ఇక 1918. ఆ సంవత్సరం వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో ఒక్క భారతదేశంలోనే కోటికి పైగా జనం మరణించారు. ఐరోపాలో ప్రపంచయుద్ధం ఇంకా ముగియలేదు. ఏథెన్సు విద్యాలయాలకు కొత్త విద్యార్థులు రావడం దాదాపు నిలిచిపోయింది, పెద్ద త్రవ్వకాలు లేవు. అమెరికన్ స్కూలు కార్యదర్శి కార్ల్ బ్లెగెన్ వంటివారు 1918-19లో రెడ్ క్రాస్ సహాయ కార్యక్రమాలలోకి దిగారు. పక్కనే బ్రిటిష్ స్కూలు అధ్యక్షుడు అలన్ వేస్. ఈ ఇద్దరూ స్నేహితులు. త్రవ్వడానికి వీలు లేని ఆ సంవత్సరాలలో వారు చేసిన పనిని మన విద్యార్థులకు వివరంగా చెప్పవలసి ఉన్నది.

1915-16లో బ్లెగెన్ కొరింథు దగ్గర కొరాకూ అనే చిన్న దిబ్బను త్రవ్వాడు. బంగారం లేదు, విగ్రహాలు లేవు. ఉన్నవి పొరలు, ఒక్కొక్క పొరలో కుండ పెంకులు. మా బొగ్గు గనులలో పొరను సీము అంటారు. ఒకటో సీము పైన, రెండోది దాని కింద, మూడోది ఇంకా కింద. కిందిది ముందు ఏర్పడినది, పైది తరువాతది. దిబ్బ విషయంలోనూ న్యాయం ఇదే. ఏ పొరలో ఏ రకం పెంకు ఎంత ఉన్నదో లెక్కవేస్తే, ఆ రకం వాడుకలోకి వచ్చిన వరుస తెలుస్తుంది. ఒకచోట వరుస తెలిసిన తరువాత, మరొక ఊళ్ళో అదే రకం పెంకు దొరికితే ఆ పొర ఏ కాలానిదో చెప్పవచ్చును. పెంకు కుళ్ళదు, కాలదు, ఎవరూ ఎత్తుకుపోరు. అందుకే పురావస్తు శాస్త్రజ్ఞునికి అది బంగారంకంటె ఎక్కువ. మాకు దాపున గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల నాటి, వారికి ముందటి నాణేలు దొరికి ప్రసిద్ధికెక్కాయి. కాని అక్కడ కూడా నేలమీద నడిచేవాని కాలికి తగిలేది పెంకే.

వేస్, బ్లెగెన్ ఇద్దరూ పాత త్రవ్వకాల పెంకులను, కొరాకూ పెంకులను పక్కపక్కన పేర్చి చూచారు. ఫలితంగా బ్రిటిష్ స్కూలు వార్షిక సంచికలో, 1916-18 సంవత్సరాలకు చెందిన సంపుటంలో, ఒక ఉమ్మడి వ్యాసం వెలువడింది. గ్రీసు ప్రధాన భూభాగపు కంచుయుగాన్ని వారు తొలి, మధ్య, మలి హెల్లాడిక్ దశలుగా విభజించారు. వంద సంవత్సరాలు గడిచినా పరిశోధకులు నేటికీ వాడుతున్నది ఆ విభజననే. అంతేకాదు, ప్రధాన భూభాగపు నాగరికత క్రీటు ద్వీపానికి కేవలం నీడ కాదు, దానికి సొంత వేరు ఉన్నది అనే వాదం ఆ పెంకుల నుండే పుట్టింది. క్నోసొస్ త్రవ్విన ఆర్థర్ ఈవాన్సు అంతటివాడికి ఈ వాదం గిట్టలేదు. వేస్ 1923లో ఆ పదవి విడువవలసి వచ్చింది. 1939లో బ్లెగెన్ పైలొస్ వద్ద త్రవ్వకం మొదలుపెట్టిన తొలిరోజే మట్టి పలకల నిధి బయటపడింది. రెండవ ప్రపంచ యుద్ధకాలమంతా ఆ పలకలు ఏథెన్సులో బ్యాంకు భద్రపు గదిలో ఉన్నాయి. 1952లో మైకేల్ వెంట్రిస్ వాటి లిపిని ఛేదించి, భాష గ్రీకేనని తేల్చాడు. పెంకులు చెప్పినదే పలకలూ చెప్పాయి.

ఇది విని, త్రవ్వకం ఆగినా శాస్త్రం ఆగదు, లాక్‌డౌన్ వల్ల నష్టమేమీ లేదు అని ఎవరైనా అనవచ్చును. 2020లో అటువంటి మాటలు చాలా విన్నాము. కాని ఒక తేడా చూడాలి. వేస్, బ్లెగెన్ అప్పటికే ఏళ్ళ తరబడి మట్టిలో పనిచేసినవారు. పెంకు వేలికి తగిలితే దాని కాలం చెప్పగలవారు. పెంకుల గంపలు వారి చేతికి అందుబాటులో ఉండేవి. 2020 నాటి విద్యార్థికి ఆ వేలి జ్ఞానం ఇంకా రాలేదు, అది రావలసిన వసంతమే మూతపడింది. పెద్దవారికి ఆగిపోయిన త్రవ్వకం పాత బాకీలు తీర్చుకొనే అవకాశం కావచ్చును. త్రవ్వి, ఏండ్లు గడిచినా ప్రకటించని వివరాలు లేని పురావస్తు సంస్థ ప్రపంచంలో ఉన్నదా అని నా అనుమానం! వారికి తెరమీది పని బాగానే సాగింది. అమెరికన్ స్కూలు కొరింథు, ఏథెన్సు అగోరా త్రవ్వకాల నోటుపుస్తకాలను, ఫోటోలను అంతకు ముందే కంప్యూటరులో చేర్చి ఇంటర్‌నెట్టులో ఉంచింది. 1931లో మొదలైన అగోరా త్రవ్వకంలో ఏనాడో పెన్సిలుతో వ్రాసిన పుటను తన ఊళ్ళో ఇంటిలో కూర్చుని చదవవచ్చును. ఉపన్యాసాలు తెరకెక్కాయి. ఇంతకు ముందు ఏథెన్సుకు రాలేనివారు కూడా వినగలిగారు, అది లాభమే, కాదనలేము. కాని పుటలో "ఎర్రని గట్టి మన్ను" అని వ్రాసి ఉంటే, ఎంత ఎరుపు, ఎంత గట్టి అన్నది ఆ మన్ను గీకిన చేతికే తెలుసు.

ఆ వసంతంలో ఏథెన్సులో ఉండిపోయిన గ్రీకు విద్యార్థి ఎవరికైనా థూసిడిడీస్ గుర్తు రాక తప్పదు. క్రీ.పూ. 430లో స్పార్టాతో యుద్ధం రెండవ యేట, పల్లె జనమంతా నగరపు గోడల లోపల కిక్కిరిసి ఉన్నప్పుడు, ఏథెన్సులో ఒక భయంకరమైన అంటురోగం చెలరేగింది. మొదట రేవుపట్టణమైన పిరేయస్‌లో కనిపించింది. శత్రువులు నీటి తొట్లలో విషం కలిపారని పుకారు పుట్టింది. నాయకుడైన పెరిక్లీసు 429లో మరణించాడు. చరిత్రకారుడు థూసిడిడీస్ స్వయంగా ఆ జబ్బుపడి లేచినవాడు. మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి పనికివస్తుందని లక్షణాలన్నీ వరుసగా వ్రాసిపెట్టాడు: తలలో వేడి, కళ్ళ ఎరుపు, గొంతు పుండు, దగ్గు, వాంతులు, ఒంటిమీద పొక్కులు, తీరని దాహం, ఏడవ లేక తొమ్మిదవ రోజున మరణం. వైద్యులే ఎక్కువగా చనిపోయారన్నాడు. ఒకసారి కోలుకొన్నవారికి ఆ జబ్బు మళ్ళీ ప్రాణం తీసేటంతగా రాలేదని, అందుచేత రోగులను చూచుకొన్నది వారేనని కూడా గమనించాడు. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని కాలంలో రోగనిరోధకశక్తిని గురించి వ్రాసిన మాట అది. 2020లో లోకమంతా అడిగిన ప్రశ్నా అదే గదా, ఒకసారి వచ్చినవారికి మళ్ళీ వస్తుందా అని.

ఆ రోగం ఏమిటి? వందేళ్ళకు పైగా పండితులు ప్లేగు అన్నారు, మశూచి అన్నారు, టైఫస్ అన్నారు, తట్టు అన్నారు. పుస్తకంతో తేలలేదు. 1994-95లో ఏథెన్సు భూగర్భ రైలుమార్గపు పనులలో కెరమైకోస్ అనే ప్రాచీన శ్మశానపు అంచున ఒక గొయ్యి బయటపడింది. గ్రీకు పురావస్తు శాఖకు చెందిన ఎఫీ బజియోటోపూలూ-వాలవానీ దానిని త్రవ్వించింది. అందులో సుమారు 150 మందిని పాతిపెట్టారని అంచనా. అడుగున పడుకోబెట్టినవారు కాస్త క్రమంగా ఉన్నారు. పైకి వచ్చేకొద్దీ ఒకరిమీద ఒకరు, కాళ్ళూ చేతులూ ఎటుపడితే అటు. వెంట ఉంచిన పాత్రలు చాలా కొద్ది, అవీ చవుకవి. ఆ పాత్రల తీరును బట్టే గొయ్యి క్రీ.పూ. 430-426 ప్రాంతానిదని నిర్ణయించారు. మళ్ళీ కుండలే!

అక్కడ దొరికిన పళ్ళలో మూడింటి లోపలి గుజ్జు నుండి ఏథెన్సు విశ్వవిద్యాలయంలో మనోలిస్ పాపాగ్రిగొరాకిస్, ఆయన సహచరులు డి.ఎన్.ఎ. తీసి పరీక్షించి, 2006లో టైఫాయిడ్ వర్గపు సూక్ష్మజీవి అని ప్రకటించారు. అదే సంవత్సరం ఇతర శాస్త్రజ్ఞులు అడ్డుచెప్పారు. ఆ డి.ఎన్.ఎ. క్రమం టైఫాయిడ్ క్రిమికి దూరంగా ఉన్నదని, మట్టిలోని మామూలు బాక్టీరియా పళ్ళలోకి చేరి ఉండవచ్చునని వారి వాదం. పాత ఎముకలలో నుండి డి.ఎన్.ఎ. తీసే పద్ధతులు అప్పటికి ఇప్పటంత కచ్చితంగా లేవు. నా మట్టుకు నాకు అభ్యంతరమే బలంగా తోస్తున్నది. థూసిడిడీస్ చెప్పిన పొక్కులు, అంత వేగపు మరణం టైఫాయిడుకు సరిగా కుదరవు. ఈ పరీక్షకన్న జనం మనసులో నిలిచినది వేరొకటి. ఆ గొయ్యిలో సుమారు 11 ఏళ్ళ బాలిక పుర్రె చెక్కుచెదరకుండా దొరికింది. పరిశోధకులు ఆమెకు మిర్టిస్ అని పేరుపెట్టి, పుర్రె కొలతల ఆధారంగా కండ, చర్మం అమర్చి ముఖాన్ని తిరిగి నిర్మించి 2010లో ప్రదర్శనకు ఉంచారు. ఆమె జబ్బు పేరు నేటికీ తేలలేదు.

కెరమైకోస్ సూయిదియాస్ వీథికి రెండు మూడు కిలోమీటర్ల దూరం. 2020 వసంతంలో ఆ గేటుకు కూడా తాళమే.

గ్రీసులో రాకపోకల నిషేధం మే 4న సడలింది. మే 18న ఆరుబయటి పురావస్తు స్థలాలు తెరిచారు. ఆ ఉదయం దేశాధ్యక్షురాలు కాతెరినా సకెల్లారోపూలూ అక్రోపొలిస్ కొండ మీదికి వచ్చింది. మ్యూజియములు జూన్ 15 దాకా ఆగాయి. కాని అప్పటికి అమెరికన్ స్కూలు విద్యాసంవత్సరం ముగియనే ముగిసింది. ఆ వేసవిలో విదేశీ బృందాల త్రవ్వకాలు చాలావరకు జరగలేదు. నవంబరు 7న గ్రీసులో మళ్ళీ లాక్‌డౌన్ వచ్చింది. 2019 సెప్టెంబరులో చేరిన విద్యార్థులు శరత్కాలమంతా బస్సులో తిరిగారు, చలికాలంలో ఏథెన్సు చూచారు. వసంతం మాత్రం వారికి ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

మాకు 2021 ఫిబ్రవరి 1న కళాశాలలు తెరిచారు, మార్చి 24న మళ్ళీ మూశారు. మధ్యలో ఏడు వారాలు దొరికాయి. నేను పాఠాలు పక్కనపెట్టి ముందు ప్రయోగశాల తెరిచాను. పెట్టెలోని పాత స్లైడులపై బూజు తుడిచి, దోమ జీర్ణాశయపు స్లైడును సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఆ అమ్మాయి వంతు వచ్చింది. చాలాసేపు కన్ను ఆనించి చూచింది. తరువాత నన్ను అడగకుండానే స్లైడును బయటికి తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకొంది. గాజుమీద ఆవగింజంత మరక తప్ప ఏమీ కనిపించదు. "గింతేనా సార్?" అన్నది. గింతే అన్నాను. స్లైడును మళ్ళీ దాని చోట పెట్టి, తిరిగి కన్ను ఆనించింది.